గొంతులోని ట్యూన్ కంప్యూటర్‌లోకి: మీ ప్రశ్నలు, నా జవాబులు

నోటితో తీసిన కూనిరాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో వాద్యసంగీతంగా మార్చుకోవచ్చని కిందటి సంచికలో ఒక్క మాట రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంతమంది గొంతులో ట్యూన్లు మోస్తూ తిరుగుతున్నారా అని చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను వయొలిన్ నేర్చుకున్న మనిషిని, బైరాగిపట్టెడలో చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. కొండకు వచ్చే భజన బృందాలు, కోలాటం జట్లు, సొంతంగా ట్యూన్లు కట్టే కుర్రాళ్లు అక్కడికి వస్తుంటారు. వాళ్లతో పనిచేస్తూ తెలుసుకున్నవే ఇవన్నీ.

నగరి నుంచి ఒక మరమగ్గం కార్మికుడు: మేడమ్, మగ్గం దగ్గర ఉన్నప్పుడు ఆ టకటక చప్పుడుకే ఏవేవో ట్యూన్లు వస్తాయి. సాయంత్రానికి మర్చిపోతాను. కీబోర్డు రాదు, స్వరాలు తెలీవు. నోటితో హమ్ చేస్తే అదే ఫ్లూట్‌గానో వయొలిన్‌గానో మోగుతుందని విన్నాను, నిజమేనా? నా దగ్గర ఫోను ఉంది, మా అబ్బాయి కాలేజీ ల్యాప్‌టాప్ ఉంది.

నిజమే అన్నా. ఆ రెండూ చాలు, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే ఎక్కడ తేడా వచ్చినా మీకే అర్థమవుతుంది. మనం ఒక స్వరం మీద నిలబడినప్పుడు గొంతులోని స్వరతంత్రులు సెకనుకు వందల సార్లు అదురుతాయి. సాఫ్ట్‌వేర్ మీ రికార్డింగ్‌ను చాలా చిన్న చిన్న ముక్కలుగా చూస్తూ, ప్రతి ముక్కలో ఆ అదురు ఎంత వేగంగా ఉందో లెక్కకడుతుంది. ఆ వేగం కీబోర్డు మీద ఏ మెట్టుకు దగ్గరో పోల్చి, దాని నంబరు రాసుకుంటుంది. సెకనుకు 440 సార్లయితే 69వ నంబరు, 262కు దగ్గరైతే 60వ నంబరు. ఇలా 0 నుంచి 127 దాకా నంబర్లు ఇచ్చిన పద్ధతి పేరు మిడి. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి 1983లో వచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతోంది. మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఫలానా మెట్టు ఇప్పుడు నొక్కు, ఇంత బలంగా నొక్కు, ఇప్పుడు వదులు అనే సూచనలే ఉంటాయి. అందుకే అదే ఫైలు ఫ్లూట్ ఎంచుకుంటే ఫ్లూట్‌గా, వయొలిన్ ఎంచుకుంటే వయొలిన్‌గా మోగుతుంది.

మీ ట్యూన్ మగ్గం చప్పుడు మీద పుడుతోందన్న మాట నాకు ఎంతో నచ్చింది. అంటే మీకు లయ అక్కడే తయారుగా ఉంది, దాన్ని వదులుకోకండి. ఫోన్లో ఏదైనా మెట్రోనోమ్ యాప్ వేసుకోండి. అందులో ట్యాప్ టెంపో అని ఒక బటన్ ఉంటుంది. మగ్గం దెబ్బతో పాటు వేలితో తడుతూ పోతే నిమిషానికి ఎన్ని దెబ్బలో చూపిస్తుంది. ఆ అంకె రాసుకోండి. ట్యూన్ రాగానే షెడ్డు బయటికి వచ్చి ఎలా వస్తే అలా ఫోన్లో పాడి పెట్టుకోండి. ఇది మర్చిపోకుండా ఉండడానికి మాత్రమే. షెడ్డు లోపల చేసిన రికార్డింగ్‌లో మగ్గం చప్పుడు నుంచి మీ గొంతును శుభ్రంగా విడదీయడం సాఫ్ట్‌వేర్‌కు కూడా కష్టమే.

అసలు రికార్డింగ్ రాత్రి ఇంట్లో చేయండి. ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లో తంబూరా యాప్‌ను మీ శ్రుతికి పెట్టి, మెట్రోనోమ్‌ను మీరు రాసుకున్న అంకెకు పెట్టి, రెండూ ఇయర్‌ఫోన్లో వింటూ పాడండి. స్పీకర్లో మోగించకండి. తంబూరా రికార్డింగ్‌లోకి దూరిందంటే సాఫ్ట్‌వేర్ దాని పంచమాన్ని, షడ్జాన్ని కూడా మీ ట్యూన్‌లో కలిపేస్తుంది. శ్రుతి లేకుండా పాడితే మరో ఇబ్బంది: చరణానికి వచ్చేసరికి గొంతు తెలియకుండానే కిందికో పైకో జారుతుంది. వినేవాళ్లకు అది తెలియకపోవచ్చు, మిడిలో మాత్రం సగం పాట ఒక మెట్టు పక్కకు వచ్చి కూర్చుంటుంది.

నోరు మూసుకుని 'మ్మ్' అని హమ్ చేయకండి. మా గదికి వచ్చే ప్రతివాళ్లకూ నేను మొదట చెప్పేది ఇదే. 'మ్మ్'లో ఒక స్వరం ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. రెండు సార్లు వచ్చిన అదే స్వరాన్ని ఒకే పొడుగు స్వరంగా రాసేస్తుంది. ప్రతి స్వరానికీ 'తా' అనో 'ద' అనో పలకండి. ఆ హల్లు దగ్గర గాలి ఒక్క క్షణం ఆగుతుంది కాబట్టి మొదలు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, బ్రౌజర్‌లో బేసిక్ పిచ్ తెరవమని మీ అబ్బాయికి చెప్పండి. స్పాటిఫై కంపెనీ 2022లో ఉచితంగా ఇచ్చిన సాధనం ఇది. ఫైలు అందులో వదిలితే మిడి తయారు చేసి ఇస్తుంది. దాన్ని ఎల్ఎంఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పియానో రోల్ మీద మీ ట్యూన్ అడ్డగీతల వరసగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఆపిల్ వాళ్లదైతే గరాజ్‌బ్యాండ్ ఎలాగూ ఉచితమే. వాద్యం ఎంచుకుని వినండి.

మొదటిసారి వినగానే నిరాశపడకండి. మధ్యమధ్యలో చీమ తలంత గీతలు ఉంటాయి, అవి మీ ఊపిరి, పెదవుల చప్పుడు. తీసేయండి. కొన్ని స్వరాలు ఉన్నట్టుండి పై స్థాయిలోకి ఎగిరిపోయి ఉంటాయి. మన గొంతు సెకనుకు 200 సార్లు అదిరినప్పుడు దాంతో పాటే 400, 600 కూడా సన్నగా మోగుతుంటాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి 400నే అసలు స్వరం అనుకుంటుంది. అలాంటి గీతను పట్టుకుని సరిగ్గా 12 మెట్లు కిందికి దించితే సరిపోతుంది. బేసిక్ పిచ్‌లోనే మీ గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పలుకుతుందో హద్దు పెట్టే వీలు ఉంది, అతి చిన్న స్వరాలను వదిలేయమనే వీలు కూడా ఉంది. ముందు ఆ రెండూ సర్దుకుంటే సగం పని తగ్గుతుంది. ఇక క్వాంటైజ్ అనే బటన్ ఒకటి కనిపిస్తుంది. అది స్వరాలన్నిటినీ లాగి తాళం గీతల మీద కూర్చోబెడుతుంది. దాన్ని పూర్తి బలంతో వాడకండి, సగం చాలు. పూర్తిగా వాడితే మీ నడక పోయి ఎవరి ట్యూనో విన్నట్టు ఉంటుంది.

తిరుపతి నుంచి ఒక సంగీత విద్యార్థిని: నేను కట్టుకున్న రెండు చిన్న రచనలను మిడిగా మార్చి చూశాను. మోహనంలోది బాగానే వచ్చింది. తోడిలోది మాత్రం గుర్తుపట్టలేకుండా ఉంది. గాంధారం వచ్చిన ప్రతిచోటా ఏవేవో ముక్కలు చూపిస్తోంది. లోపం నా గొంతులో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకు తల్లీ, నీ గొంతు బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్ కూడా తనకు చెప్పిన పనే చేసింది. ఆ పని తోడికి పనికిరాదు, అంతే.

నువ్వు ఐదున్నర శ్రుతిలో పాడతావనుకుందాం. మిడి లెక్కలో నీ షడ్జం 56. మోహనంలో రి 58, గ 60, ప 63, ద 65, పై సా 68. ఈ రాగంలో స్వరాలు చాలావరకు తమ చోట నిలబడతాయి, ఒకదానికొకటి దూరంగా కూడా ఉంటాయి. అందుకే యంత్రానికి సులువు. అక్కడ కూడా ఒక చిన్న తేడా ఉంది, నీ చెవికి తెలిసే ఉంటుంది. కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. తంబూరాకు కలిపి పాడే అంతర గాంధారం షడ్జం నుంచి 386 సెంట్ల దూరంలో కూర్చుంటుంది. కీబోర్డు మీద అదే గాంధారం సరిగ్గా 400 సెంట్లు. యంత్రం నీ గాంధారాన్ని దగ్గరి మెట్టుకు జరిపింది కాబట్టి, ఆ మిడిని తంబూరాతో కలిపి వినిపిస్తే గాంధారం కొంచెం ఎక్కువ పలికినట్టు ఉంటుంది.

ఇప్పుడు తోడి. లెక్క ప్రకారం శుద్ధ రిషభం 57, సాధారణ గాంధారం 59, శుద్ధ మధ్యమం 61. కానీ తోడి గాంధారాన్ని 59 మీద ఎవరు నిలబెడతారు? అది రిషభం వైపు వంగి, మధ్యమం వైపు లేచి, ఆ ఊగులోనే గాంధారం అనిపించుకుంటుంది. యంత్రం ఆ ఊగును ముక్కలు చేసి 57, 61, 58, 60 అని రాస్తుంది. నువ్వు చూసిన ముక్కలు అవే. కొండకు వెళ్లడానికి అలిపిరి మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. నీ గొంతు వెళ్లింది ఘాట్ రోడ్డున, సాఫ్ట్‌వేర్ దాన్ని మెట్ల లెక్కలో రాసింది.

దీనికి మిడిలోనే ఒక దారి ఉంది, పిచ్ బెండ్. ఒక మెట్టును నొక్కి ఉంచి దాన్ని పైకీ కిందికీ వంచమని చెప్పడం. ఈ వంపులో 16384 స్థానాలు ఉన్నాయి కాబట్టి సన్నటి జారు కూడా పడుతుంది. బేసిక్ పిచ్‌లోనూ ఈ వంపులను పట్టే ఏర్పాటు ఉంది. అయితే చాలా వాద్యాల్లో వంపు హద్దు మొదట పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లుగా ఉంటుంది. తోడి గాంధారం రిషభానికీ మధ్యమానికీ సరిగ్గా రెండేసి మెట్ల దూరంలో ఉంది కాబట్టి అంచుల దాకా సరిపోతుంది. కానీ నువ్వు షడ్జం నుంచి పంచమానికి జారు వేస్తే ఏడు మెట్లు కావాలి. అప్పుడు హద్దును 12కు పెంచాలి. మిడి ఫైలులో ఎంత హద్దు అనుకున్నామో, వాయించే వాద్యంలోనూ అంతే పెట్టాలి. ఫైలులో 2, వాద్యంలో 12 ఉంటే గమకాలన్నీ విపరీతంగా సాగిపోతాయి. మన కుర్రాళ్లు పాట పాడైపోయిందని తెచ్చి చూపించే ఫైళ్లలో ఎక్కువగా ఉండేది ఈ తేడానే.

ఇంత చేశాక కూడా నా అభిప్రాయం దాచుకోను. తోడిని, బేగడను, సహానాను మిడిలో పెట్టి ఫ్లూట్ వాద్యంతో వాయించడం నాకు ఇష్టం లేదు. వంపు గీతలన్నీ సరిగ్గానే ఉన్నా, విల్లు ఎక్కడ బరువు పెట్టిందో, గొంతు ఎక్కడ సన్నబడిందో అందులోకి రాదు. వయొలిన్ మీద తోడి గాంధారం పట్టడానికి ఎడమచేతి వేలు జరగడం ఒక్కటే సరిపోదు, కుడిచేయి కూడా దాన్ని మోయాలి. నీకు తెలిసిన సంగతే.

మరి ఏం చేయాలి? రెండు సార్లు పాడు. మొదటిసారి గమకాలు లేకుండా, సరళీ వరసలు చెప్పుకున్నట్టు సాదా స్వరాలు, 'తా తా' అని. దాన్ని మిడి చేయి. అది నీ రచనకు అస్థిపంజరం. తాళం కట్టడానికి, కింద తంబూరా, వీణ లాంటి శబ్దాలు పేర్చడానికి, స్వరం రాసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. రెండోసారి అదే టెంపోలో, అదే శ్రుతిలో, నీకు వచ్చినంత నిండుగా గమకాలతో పాడు. దాన్ని ఆడియోగానే ఉంచు. చివరి పాటలో పైన వినిపించాల్సింది ఆ గొంతే, లేదా నీ స్నేహితురాలు వాయించే వయొలిన్. యంత్రం చేసిన అస్థిపంజరం కిందే ఉండాలి.

ఇంకో మాట. గమకం కంటికి ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకో. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది. అందులో పివైఇన్ అనే ప్లగిన్ కలుపుకుంటే నీ స్వరం మెట్లుగా కాకుండా ఒకే వంపు గీతగా కనిపిస్తుంది. నువ్వు పాడిన తోడి గాంధారాన్ని, మీ గురువుగారు పాడినదాన్ని ఒకదాని కింద ఒకటి పెట్టి చూడు. చెవికి అందుతూ మాటకు అందని తేడాలు అక్కడ కనిపిస్తాయి. సాధనకు ఇది మిడి కన్నా వంద రెట్లు ఉపయోగం.

చిత్తూరు నుంచి ఒక భజన బృందం పెద్ద: మా హార్మోనియం ఆయన ఊరు వదిలి వెళ్లారు. నేను మైకులో పాడుతుంటే నా గొంతుతో పాటే హార్మోనియమో ఫ్లూటో అప్పటికప్పుడు స్పీకర్లో మోగేలా చేయగలమా?

చేయగలం అయ్యా. డబ్లర్ లాంటి సాఫ్ట్‌వేర్లు అందుకోసమే వచ్చాయి, గొంతును అక్కడికక్కడే మిడిగా మారుస్తాయి. కానీ భజనలో దాని మీద ఆధారపడవద్దని చెబుతాను. కారణం ఆలస్యం.

మీరు ఒకటిన్నర శ్రుతిలో పాడతారనుకోండి. మీ షడ్జం సెకనుకు సుమారు 139 సార్లు అదురుతుంది. ఒక్కో అదురుకు ఏడు మిల్లీసెకన్లు. అది ఏ స్వరమో తేల్చడానికి యంత్రం కనీసం రెండు మూడు అదుర్లు వినాలి. అంటే 15 నుంచి 20 మిల్లీసెకన్లు అక్కడే పోయాయి. మంద్రంలోకి దిగితే ఇంకా ఎక్కువ. దానికి కంప్యూటర్ లోపలి ఆలస్యం కలుస్తుంది. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసుకుని పంపుతుంది, ఆ పోగు పేరు బఫర్. దాన్ని సెట్టింగ్స్‌లో 256 శాంపిళ్లకు పెడితే వెళ్లేటప్పుడు ఆరు, వచ్చేటప్పుడు ఆరు మిల్లీసెకన్లు. ఇంట్లో ఒక్కరే కూర్చుని చేసుకుంటే ఇది భరించగలిగిందే. భజనలో తాళాలు, మృదంగం, జనం చప్పట్లు అన్నీ మీ మైకులోకి వస్తాయి, యంత్రం వాటికి కూడా స్వరాలు పలికిస్తుంది. పైగా వాద్యం మీ వెనకాలే వస్తుంది తప్ప మీకు దారి చూపదు. మంచి హార్మోనియం విద్వాంసుడు చేసేది మీకు అర ఆవృత్తం ముందే దారి వేయడం.

మీరు పాడే భజనలు ఎలాగూ కొన్నే ఉంటాయి కదా. ఒక్కోదాన్ని నగరి సోదరుడికి చెప్పిన పద్ధతిలో ఇంట్లో తీరిగ్గా మిడి చేసి, హార్మోనియం శబ్దం పెట్టి, మీ శ్రుతికి, మీ నడకకు సరిచేసి ఫైళ్లుగా ఉంచుకోండి. భజన రోజు దాన్ని మెల్లగా మోగించి దానితో పాడండి. ఈలోగా మీ బృందంలో ఒక పిల్లవాడికి హార్మోనియం నేర్పించండి. ఇంట్లో అప్పటికప్పుడు మోగించి చూడాలనుకుంటే మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్ స్పీకర్లు దగ్గరికి రానివ్వకండి. వాటి ఆలస్యం ఒక్కటే వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది. వైరు ఉన్నవే వాడండి.

తిరుపతి తాతయ్యగుంట దగ్గరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: అక్కా, గంగమ్మ జాతరకు మా వీధి కుర్రాళ్లం ఒక పాట చేస్తున్నాం. పలకల దరువు నోటితో కొట్టగలను. దాన్ని కంప్యూటర్ పలకలుగా మారుస్తుందా?

మారుస్తుంది తమ్ముడూ, కానీ స్వరాలు వెతికే సాఫ్ట్‌వేర్‌తో కాదు. దరువులో చూడాల్సింది దెబ్బ ఎప్పుడు పడింది, అది బరువైన దెబ్బా, సన్నటి దెబ్బా అన్నది. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్స్‌ను మిడిగా మార్చే ఆజ్ఞ వేరే ఉంది. అది బరువును బట్టి దెబ్బలను రెండు మూడు రకాలుగా విడదీస్తుంది. నువ్వు నోటితో కొట్టేటప్పుడు పలక మధ్యలో పడే దెబ్బకు 'ధుం', అంచున పడే సన్నకర్ర దెబ్బకు 'టక' అని రెండే శబ్దాలు పెట్టుకుని, వాటిని చివరిదాకా మార్చకుండా పలుకు. నోటికి వచ్చినట్టు రకరకాల శబ్దాలు కలిపితే విడదీయడం కష్టం.

ఇప్పుడు అసలు సంగతి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే డ్రమ్ శబ్దాలు పెట్టొద్దు. పలకను మంట దగ్గర కాచిన తర్వాత వచ్చే ఆ గట్టి మోత ఏ రెడీమేడ్ కిట్‌లోనూ లేదు. మీ దగ్గర్లోనే పలక వాయించే పెద్దలు ఉన్నారు. ఒకరిని అడిగి, కాచిన పలక మీద మధ్య దెబ్బలు కొన్ని, అంచు దెబ్బలు కొన్ని, మెల్లగానూ గట్టిగానూ విడివిడిగా రికార్డు చేసుకో. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి, పాటలో వాళ్ల పేరు వేయండి. ఆ దెబ్బలను శాంప్లర్‌లో, అంటే రికార్డు చేసిన శబ్దాలను మిడితో మోగించే సాధనంలో, పెట్టుకుంటే నీ నోటి దరువు ఆ పలక మీదే మోగుతుంది. ఇక్కడ కూడా క్వాంటైజ్ జోలికి పెద్దగా పోవద్దు. జాతర దరువు క్రమంగా వేగం పెంచుకుంటూ పోతుంది, ఒకే టెంపోకు కట్టేస్తే ఊపు రాదు.

పుత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు: మా అమ్మకు ఎనభై దాటాయి. నాట్లప్పుడు పాడుకున్న పాటలు, జోలపాటలు ఆమెకు ఎన్నో వచ్చు. ఫోన్లో కొన్ని రికార్డు చేశాను. వాటికి స్వరం రాయించి, వాద్యాలు చేర్చి పిల్లలకు నేర్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

అమ్మా, ఈ ఉత్తరాన్ని చాలాసార్లు చదువుకున్నాను. మీరు తలపెట్టింది చాలా మంచి పని, ఈ వారమే మొదలుపెట్టండి.

మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన తాళ్లపాక వారి రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య ఏ వరసలో పాడాడో రేకులు చెప్పవు. ఈరోజు మనం వినే వరసలు దాదాపు అన్నీ తర్వాతి విద్వాంసులు కట్టినవే. రెండోది, 1919లో మదనపల్లెలోని బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ జనగణమన పాడితే, మార్గరెట్ కజిన్స్ విని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. సాఫ్ట్‌వేర్లు లేని రోజుల్లో చెవితో, కలంతో చేసిన పని అది. మీ అమ్మగారికి మీరు చేయాల్సిందీ ఇదే, కాకపోతే మీ చేతిలో రికార్డర్ కూడా ఉంది.

నగరి సోదరుడికి 'తా తా' అని పాడమన్నాను. మీ అమ్మగారిని అలా అడగకండి. శ్రుతి పెట్టకండి, మెట్రోనోమ్ పెట్టకండి, చెవిలో ఇయర్‌ఫోన్ అసలే వద్దు. ఆమెకు వచ్చిన శ్రుతిలో, ఆమె నడకలో, మాటలతో సహా పాడనివ్వండి. పాటకు ముందు ఇది ఎప్పుడు పాడేవాళ్లు, ఎవరు నేర్పారు అని అడిగి ఆ మాటలు కూడా రికార్డు చేయండి. ఫోన్‌ను ఆమెకు జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. రికార్డర్ సెట్టింగ్స్‌లో వేవ్ (WAV) అని ఉంటే అది ఎంచుకోండి, అందులో శబ్దం నలగదు. మీ తమ్ముడికో చెల్లికో వాట్సాప్‌లో పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే శబ్దం నలిగిపోతుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్ల దగ్గర ఉండాలి.

ఇప్పటికే చేసిన వాటిలో ఫ్యాను చప్పుడు ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ ఉంది. ఆమె పాడకుండా ఫ్యాను ఒక్కటే వినిపించే ఒకటి రెండు సెకన్లు చూపిస్తే, ఆ చప్పుడును మిగతా అంతటా తగ్గిస్తుంది. ఇది కాపీ మీదే చేయండి. అసలు ఫైలును ఎన్నటికీ ముట్టుకోవద్దు. ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అయిపోతుంది, కొంచెం చప్పుడు మిగిలినా నష్టం లేదు.

స్వరం కోసం మాత్రం మీరు పాడాలి. అమ్మ దగ్గర కూర్చుని పాట నేర్చుకోండి, ఆమె సరే అనేదాకా. తర్వాత మీరు శ్రుతి పెట్టుకుని సాదాగా పాడి, దాన్ని మిడి చేసి, మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే స్వరలిపి కాగితం మీదికి వస్తుంది. దాన్ని సరిగమల్లోకి మార్చడం మీ ఊళ్లో సంగీతం నేర్పే ఎవరైనా ఒక్క పూటలో చేసిపెడతారు. తేడా వచ్చిన ప్రతిచోటా అమ్మ రికార్డింగే ప్రమాణం. కాగితం ఏం చెప్పినా సరే.

కుప్పం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: నాకు వచ్చిన ట్యూన్ నిజంగా నాదేనా, ఎక్కడో విన్న పాటా అని అనుమానం. తెలుసుకునే దారి ఉందా?

కొంతవరకు ఉంది బాబూ. గూగుల్‌లో 2020 నుంచి హమ్ చేసి పాట వెతికే సదుపాయం ఉంది. 10, 15 సెకన్లు హమ్ చేస్తే దగ్గరగా ఉన్న పాటలు చూపిస్తుంది. నీ శ్రుతి ఏదైనా ఫరవాలేదు. స్వరం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా, ఎంత దూరం వెళ్లింది అనే ఆకారాన్నే అది పోలుస్తుంది. 1995లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు స్వరం పైకి, కిందికి, అక్కడే అనే మూడు గుర్తులతోనే ఇలాంటి వెతుకులాట చేసి చూపించారు. పల్లవి వేరుగా, చరణం వేరుగా వెతుకు. దాని జాబితాలో లేని భజనలు, జానపదాలు, పాత నాటకాల పాటలు అది పట్టలేదు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఒకసారి వినిపించు.

చిత్తూరు నుంచి, పేరు వేయవద్దన్న పాఠకుడు: నేను హమ్ చేసి పంపిన ట్యూన్‌కు ఒక పరిచయస్తుడు వాద్యాలు చేర్చి తన పేరుతో విడుదల చేశాడు. నేను స్వరం రాయలేదు, నోటితో పాడానంతే కాబట్టి హక్కు లేదంటున్నాడు. అది నిజమా?

కాదు అన్నా. మన 1957 కాపీరైట్ చట్టంలో మొదట సంగీత రచన అంటే కాగితం మీద రాసినదే అన్నట్టు ఉండేది. 1994 సవరణతో ఆ షరతు పోయింది. ఇప్పుడు సంగీతంతో కూడిన రచన ఏదైనా సంగీత రచనే, స్వరలిపి కూడా అందులో భాగం. ట్యూన్ కట్టినవాడే దానికి రచయిత. రిజిస్ట్రేషన్ చేయిస్తే రుజువుకు బలం వస్తుంది, చేయించకపోయినా హక్కు పోదు. ఆ హక్కు కట్టినవాడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. వాద్యాల అమరికలో అతని శ్రమ అతనిది, ట్యూన్ మాత్రం మీది.

మీరు పంపిన ఆడియో, అది పంపిన తేదీ మీ ఫోన్లో ఉన్నాయా చూడండి. ఉంటే చెరపకుండా, ఫోన్ మార్చకుండా, కాపీలు తీసుకుని ఒక లాయరును కలవండి. ముందుగా అతనికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి.

మిగతా పాఠకులకూ ఇదే చెబుతున్నాను. ప్రతి ట్యూన్ మొదటి రికార్డింగ్‌ను, ఎంత కరుకుగా ఉన్నా సరే, అదే రోజు మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. హమ్ చేస్తే పూర్తి పాట తయారుచేసి ఇచ్చే వెబ్‌సైట్లు కొత్తగా వస్తున్నాయి. వాటిలో మీ గొంతు పెట్టే ముందు, తయారైన పాట ఎవరిదవుతుంది, మీ రికార్డింగ్‌ను వాళ్లు దేనికి వాడుకుంటారు అన్న షరతులు చదవండి, అర్థం కాకపోతే పెట్టవద్దు. ఎవరికైనా వాద్యాలు చేర్చమని ఇచ్చేటప్పుడు ట్యూన్ ఎవరిది, అమరిక ఎవరిది, డబ్బు వస్తే ఎవరికెంత అని ఒక కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టాకే మిడి ఫైలు ఇవ్వండి.